పదబంధము, ఉపవాక్యము: రాజపాళయపు బాలుని మూడు వ్యాకరణములు

పడమటి కనుమల పాదమున, సంజీవి కొండకు చేరువను, నూలుమిల్లుల నడుమ విస్తరించిన రాజపాళయము తమిళనాడులోని విరుదునగరము జిల్లాకు చెందిన పట్టణమే యైనను, అచటి రాజుల యిండ్లలో నేటికిని వినవచ్చు భాష తెలుగు. విజయనగర కాలమున ఆంధ్రదేశమునుండి తరలివచ్చినవారి సంతతి యని చెప్పుకొను ఈ కుటుంబములు సింగరాజకోట, సక్కరాజకోట, పళయపాళయము, పుదుప్పాళయము అను పేటలలో స్థిరపడి, తరతరములుగ తమిళుల మధ్య మసలుచు, పెక్కుచోట్ల లిపిని మరచినను పలుకును మరువక నిలిచినవి. అట్టి యింట పుట్టిన బాలుడు అమ్మతో తెలుగున మాటలాడి, బడిలో తమిళమున చదివి, పదవ తరగతి పరీక్షకొరకు ఆంగ్ల వ్యాకరణము నేర్చుచున్నాడు. ఆ వ్యాకరణమున వానిని మొట్టమొదట చిక్కుబెట్టునది ఫ్రేజునకును క్లాజునకును గల భేదము, అనగా పదబంధమేది, ఉపవాక్యమేది యను ప్రశ్న. ప్రశ్న చిన్నదిగ కనబడును గాని, దానిని మనము బోధించుచున్న తీరు సరికాదనియు, దానికి తగిన సమాధానము ఆ బాలుని యింటిభాషలోనే యున్నదనియు, ఆ భాషను తరగతి వాకిటనే నిలిపివేయుటవలన ఆంగ్లమునకును తెలుగునకును కూడ నష్టము వాటిల్లుచున్నదనియు నా దృఢమైన యభిప్రాయము.

తరగతిలో సాధారణముగ వినవచ్చు నిర్వచనములు రెండు. కొంత యర్థమిచ్చియు పూర్తి యర్థమీయని పదసముదాయము ఫ్రేజు. కర్తయు క్రియయు గలిగి వాక్యమునకు భాగమై యుండునది క్లాజు. 19వ శతాబ్ది చివర నెస్‌ఫీల్డు వ్రాసిన పుస్తకములనుండి, 1930లలో వెలువడిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణము మీదుగ, నేటి గైడులవరకును ఈ నిర్వచనములే స్వల్పభేదములతో నడచివచ్చినవి. నెస్‌ఫీల్డు ఉత్తర హిందూస్థానమున విద్యాశాఖలో పనిచేసినవాడు; బ్యూ జెస్ట్ నవలాకర్తగ ప్రసిద్ధుడైన రెన్ బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు. ఇరువురును భారతీయ బాలురకొరకే వ్రాసిరి. అయినను ఆ బాలుర నోటిలో అప్పటికే యొక వ్యాకరణమున్నదను సంగతిని ఆధారముగ గొని పాఠమును నిర్మింపలేదు. పూర్తి యర్థమను గురుతు ఎంత బలహీనమైనదో చూడుడు. వెన్ ద రెయిన్ స్టాప్డ్ అనుచోట అర్థము పూర్తికాలేదు. వాన వెలిసినప్పుడు ఏమి జరిగినదో చెప్పనేలేదు. ఐనను అది క్లాజు. ఈ గురుతు చేజారగనే బాలుడు పదములను లెక్కింప మొదలిడును. పొట్టిది ఫ్రేజు, పొడుగుది క్లాజు అని తనకు తానే యొక సూత్రము చేసికొనును. అదియు నిలువదు. కమ్ అను ఒక్క పదపు ఆజ్ఞ సంపూర్ణమైన క్లాజు. గుడి కోనేటి తూర్పు గట్టుననున్న ముదుసలి మఱ్ఱిని గూర్చి పండ్రెండు పదములతో ద ఓల్డ్ బేనియన్ ట్రీ ఆన్ ది ఈస్టర్న్ బ్యాంక్ ఆఫ్ ద టెంపుల్ ట్యాంక్ అని పలికినను అది వట్టి ఫ్రేజే.

రెండవ నిర్వచనము సరియైనదే. కాని అది ఆంగ్లేయ బాలునికి పనికివచ్చినట్లు తెలుగు బాలునికి పనికిరాదు, ఏలనగా క్రియ యనగనే వీని చెవికి తోచునది వేరు. కొండదగ్గరి మిల్లు అనుమనియు, ఆ వెంటనే కొండదగ్గర నున్న మిల్లు అనుమనియు వానినడుగుడు. రెంటిని వాడు తడుముకొనక పలుకును. రెంటియందును విశేష్యమునకు ముందు ఒక విశేషణము నిలిచినట్లే వానికి తోచును, అది న్యాయమే. ఆంగ్లమున మొదటిది ద మిల్ నియర్ ద హిల్. రెండవది ద మిల్ దట్ స్టాండ్స్ నియర్ ద హిల్. మొదటిదానిలో నియర్ ద హిల్ అనునది పదబంధము. రెండవదానిలో దట్ మొదలుకొని కడవరకు గల భాగము ఉపవాక్యము; దానికి దట్ అను కర్త కలదు, స్టాండ్స్ అను సమాపకక్రియ కలదు, ఆ క్రియకు కాలము కలదు. తెలుగున ఉన్న అను పదము ధాతువునుండి పుట్టినదే యైనను దానికి పురుషవచనములు లేవు, దానితో వాక్యము ముగియదు. అందుచేతనే మన వ్యాకర్తలు దానిని ధాతుజవిశేషణములలో చేర్చిరి. బాలుని తమిళ పాఠము దానినే పెయరెచ్చమని చెప్పుచున్నది. ఆంగ్లము ఉపవాక్యముతో చేయు పనిని ఈ రెండు భాషలును అసమాపక రూపముతో చేయుచున్నవి గనుక, ఆంగ్లవాక్యమును చదువునప్పుడు వాని మనస్సు ఆ ఉపవాక్యమును తన పద్ధతిని విశేషణముగ మలచుకొనును. మలచుకొన్న పిమ్మట ఇది ఫ్రేజా క్లాజా యని యడిగిన, ఫ్రేజనును. మనము దానికి సున్న వేయుచున్నాము. వాని భాషాన్యాయము ననుసరించి వాడు ఆలోచించిన త్రోవ సరియైనదే. అచట ఆంగ్లము వేరు త్రోవ పట్టునని చెప్పవలసిన భారము గురువుది.

ఈ భేదమును సవిస్తరముగ గ్రంథస్థము చేసినవాడు రాజపాళయమునకు దక్షిణమున, ఇడైయంగుడి గ్రామమున చిరకాలము నివసించిన రాబర్టు కాల్డ్‌వెల్లు. ద్రావిడభాషలలో ఆంగ్లమునందలి హూ, విచ్ వంటి సంబంధ సర్వనామములు లేవనియు, వాని పనిని ధాతుజవిశేషణములే చేయుననియు 1856లో వెలువడిన ఆయన తులనాత్మక వ్యాకరణము నిరూపించినది. నాడు ఇడైయంగుడియు రాజపాళయమును ఒకే తిరునల్వేలి జిల్లాలోనివి. 1910లో రామనాథపురము జిల్లా యేర్పడిన తరువాతనే రాజపాళయమున్న శ్రీవిల్లిపుత్తూరు ప్రాంతము దానిలో చేరినది. ఆ మండలములోనే యుండి యొక విద్వాంసుడు లోకమునకు చాటిన సంగతి, నూటయరువది యేండ్లు గడచినను, ఆ మండలపు ఆంగ్ల తరగతిలోనికి ప్రవేశించినట్లు కనబడదు.

ఇంతకంటె లోతైన చిక్కు మరియొకటి కలదు. ఆంధ్ర తెలంగాణ రాష్ట్రముల ఉపాధ్యాయులును దీనిని గమనింపదగును. అతడు అన్నము తిని బడికి వెళ్ళెను అను వాక్యమును తెలుగు వ్యాకరణ పాఠము సంక్లిష్టవాక్యమని బోధించును. తిని యనునది క్త్వార్థకము, అసమాపకక్రియ. వెళ్ళెను అనునది సమాపకక్రియ. అసమాపకము సమాపకమును ఆశ్రయించి నిలిచినది గనుక వాక్యము సంక్లిష్టము. అదే భావమును హావింగ్ ఈటెన్ హిజ్ మీల్, హి వెంట్ టు స్కూల్ అని ఆంగ్లమున వ్రాసినచో, ఆంగ్ల వ్యాకరణ పాఠము దానిని సింపుల్ సెంటెన్సు అనును, అనగా సామాన్యవాక్యము. ఆ పాఠము లెక్కకు హావింగ్ ఈటెన్ అనునది పదబంధమే గాని ఉపవాక్యము కాదు. ఆఫ్టర్ హి హాడ్ ఈటెన్ హిజ్ మీల్ అని మార్చినప్పుడు గాని అది కాంప్లెక్సు సెంటెన్సు కానేరదు. కావున ఒకే బడిలో, ఒకే దినమున, వెనువెంట వచ్చు రెండు పీరియడులలో, ఒకే భావమును తెలుపు వాక్యము ఒక గురువు నోట సంక్లిష్టమై మరియొక గురువు నోట సామాన్యమగుచున్నది. విద్యార్థి రెండు నిర్ణయములను కంఠస్థము చేసి రెండు పరీక్షలయందును మార్కులు తెచ్చుకొనును. కాని యివి యేల విభేదించినవో ఎరుగక, వ్యాకరణమనునది గురువునుబట్టి, పీరియడునుబట్టి మారిపోవు నియమముల మూటయని నమ్మి బడిని విడుచును. ఆలోచింప నేర్పవలసిన శాస్త్రమే ఆలోచనను ఉడిగించుట నాకు మిక్కిలి బాధాకరముగ నున్నది.

విశేషమేమనగా, ఈ విషయమున ఆంగ్లభాషా పండితులే పాత గీటును దాటిపోయిరి. క్వర్కు, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అను నలువురు 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణమును, హడిల్‌స్టన్, పుల్లమ్ అనువారి ప్రధాన కర్తృత్వమున 2002లో కేంబ్రిడ్జినుండి వెలువడిన వ్యాకరణమును, హావింగ్ ఈటెన్ వంటి సముదాయములను క్లాజులలోనే చేర్చి, వానికి అసమాపక క్లాజులని పేరిడినవి. తిని యనుదానిలో ఒక వాక్యపు జీవము ఇంకను కొట్టుకొనుచున్నదని గుర్తించి, దానిని సంక్లిష్టతకు హేతువుగ నెన్నిన తెలుగు పాఠము ఎచట నిలిచినదో, ఆంగ్ల వ్యాకరణమును ఇంచుమించుగ అచటికే చేరినది. మనవారిలోను ఈ మార్గమున కృషి చేసినవారు లేకపోలేదు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణమున సంజ్ఞ మొదలుకొని ప్రకీర్ణకమువరకు 10 పరిచ్ఛేదములున్నవి గాని వాక్యమునకు ప్రత్యేకముగ ఒక పరిచ్ఛేదము లేదు. సూరిగారి దృష్టి పదసాధుత్వముపై నిలిచినది. ఆ కొరతను తీర్చుటకు పూనుకొన్న గ్రంథములలో 1975లో వెలువడిన చేకూరి రామారావుగారి తెలుగు వాక్యము ముఖ్యమైనది. నేను చదివిన పుస్తకము అనుచోట నేను పుస్తకము చదివితిని అను నిండు వాక్యమొకటి లోన దాగియున్నదని చూచుట ఆ గ్రంథము తెలుగువారికి అలవరచిన దృష్టి. ఈ దృష్టి విశ్వవిద్యాలయపు గోడలను దాటి హైస్కూలు ఉపాధ్యాయుని చేతికి రాలేదు.

అయిన, పదవ తరగతి బాలుని పరీక్ష పాత నిర్వచనముననుసరించియే జరుగుచున్నది; దానిని రేపటికి రేపు మార్చుట మన చేతిలో లేదు. ఉన్న నిర్వచనమునే బాలుని భాషనుండి బోధించు మార్గమేది? నాకు తోచినది చెప్పెదను. నేను అని యారంభించి ఒక వాక్యము చెప్పించి, నేను స్థానమున వాడు అని పెట్టించవలెను. నేను తిని వచ్చాను, వాడు తిని వచ్చాడు. రాజపాళయపు బాలుడు దీనిని తన యింటి యాసలో తాను పలుకును. వచ్చాను అనునది మారినది, తిని మారలేదు. మారినది సమాపకము, మారనిది అసమాపకము. ఈ పరీక్షకు లిపితో పనిలేదు; చెవి చాలును. ఆ పిమ్మట అదే ఆటను కాలముతో ఆడి ఆంగ్లమునకు తీసికొనిపోవలెను. వాక్యమునంతటిని నిన్నటినుండి రేపటికి మార్చి చూడుమనవలెను. కాలముతోపాటు తన రూపమును మార్చుకొను క్రియ ఎచటనున్నదో అచట ఉపవాక్యమున్నది, మారనిచోట పదబంధమే యున్నది. ఆఫ్టర్ ద రెయిన్ అనుచోట నిన్నయైనను రేపైనను మార్పు లేదు. ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ అనునది రేపటికి ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్స్ అగును. ఆఫ్టర్, బిఫోర్, సిన్స్, అంటిల్ అను మాటలు రెండు చోట్లను ఒకే రూపమున నిలుచును గనుక, మొదటి మాటను చూచి తీర్పు చెప్పు అలవాటు ఈ యొక్క పరీక్షతో తొలగిపోవును. పుట్, కట్ వంటి క్రియలకు భూతకాలమున రూపభేదము లేదు. అచట విల్ చేర్చి చూచిన తేటపడును.

ఈ పరీక్షయొక్క సత్తువ రాజపాళయపు బాలునికి తన యూరి నూలునుబట్టియే తెలియును. ద యార్న్ స్పన్ ఇన్ ద మిల్ వజ్ సెంట్ టు మదురై అను వాక్యమును తీసికొనుడు. స్పన్ అను రూపము ఆంగ్లమున వడికెను అను అర్థమునకును వడికిన అను అర్థమునకును ఒక్కటే. యార్న్ అను నామము వెంటనే స్పన్ వచ్చుటచే బాలుడు నూలు వడికెను అని యనుకొని, మిల్లువద్ద వాక్యము ముగిసినదని తలచి, వజ్ సెంట్ అనుచోట దారితప్పి నిలిచిపోవును. తెలుగున ఈ ప్రమాదము లేనే లేదు. వడికిన, వడికెను అను రెండు రూపములు స్పష్టముగ విడివడియున్నవి, తమిళమునను అంతే. వాక్యమును రేపటికి మార్చి చూడుమనుడు. వజ్ సెంట్ అనునది విల్ బి సెంట్ అయినది, స్పన్ కదలలేదు. కావున స్పన్ ఇన్ ద మిల్ అనునది వడికిన యను ధాతుజవిశేషణమునకు సరియైన పదబంధము. వాక్యమునకు ప్రాణము వజ్ సెంట్. ఆంగ్లము దాచిపెట్టిన గురుతును వీని మాతృభాష బయటపెట్టి చూపుచున్నది. ఇట్టి సాధనము చేతనుండియు దానిని వాడుకొనలేకపోవుట కంటె విచారకరమైనది వేరొకటి కలదా!

తెలుగున ఆంగ్లపు ఉపవాక్యమునకు సూటిగ సరిపోవు కట్టడములును లేకపోలేదు. వానినుండియు వంతెన వేయవచ్చును. కొండదగ్గర నున్న మిల్లు అనుదానిని ఏ మిల్లు కొండదగ్గర నున్నదో ఆ మిల్లు అని మార్చవచ్చును. ఇచట ఉన్నది అను సమాపకక్రియ వచ్చినది, కర్త వచ్చినది. విచ్ అను మాట చేయు పని ఏదియో బాలునికి కన్నులకు కట్టినట్లగును. నిత్యవ్యవహారమున ఈ కట్టడము బరువుగ తోచును గాని, అవ్వ చెప్పు సామెతలలోను పెద్దల ధర్మోపదేశములలోను ఎవడు చేయునో వాడే యనుభవించును అను తీరు మాటలు వాడు వినియే యుండును. వాడు రేపు వస్తాను అని చెప్పాడు అనుచోట వస్తాను అనునది నిండు వాక్యమే, అని యను మాట దానిని పెద్ద వాక్యమునకు అతికించుచున్నది. తమిళమున ఎన్రు చేయునదియు ఇదే. ఆంగ్లము ఆ అతుకును దట్ అను రూపమున ముందు పెట్టును, ఒక్కొక్కచో పెట్టక విడుచును. హి సెడ్ హి వుడ్ కమ్ అనుచోట అతుకు కనబడకున్నను ఉపవాక్యము ఉపవాక్యమే. ద మ్యాన్ ఐ సా అనునదియు ఇట్టిదే.

ఇక ఎదురు దిక్కున ఒక లోపము కలదు. దానిని దాచుట తగదు. పాణినీయముపై వార్తికములు రచించిన కాత్యాయనుడు ఒకే తిఙంతము, అనగా ఒకే సమాపకక్రియ, గలది వాక్యమని లక్షణము చెప్పెను; ఆంగ్ల వ్యాకరణముయొక్క క్లాజు లక్షణము దీనికి మిక్కిలి సమీపమున నున్నది. కాని తెలుగున అతడు మా మామ అన్నచో క్రియ లేదు, వాక్యము మాత్రము పూర్తియైనది. తమిళమునను అంతే. అందుచే మన బాలుడు ఆంగ్లమున బికాజ్ హి మై అంకుల్ అని వ్రాసి, తాను ఉపవాక్యమునే వ్రాసితినని నమ్మును. తన భాషలో అది యుక్తమే గనుక ఆ తప్పు వాని చెవికి తగులదు. ఇట్టిచోట ఈజ్ అను మాటను మరువవలదని పదిమార్లు వ్రాయించుటకంటె, మన భాష క్రియ లేకయే వాక్యమును నిలుపగలదు, ఆంగ్లము నిలుపలేదు అని ఒక్కమారు చెప్పుట మేలు.

దీనికి వచ్చు ఆక్షేపణలను నేనెరుగుదును. ఆంగ్లమును ఆంగ్లముననే బోధింపవలెనని కొందరందురు. సంభాషణకు అది మంచి పద్ధతియే కావచ్చును. కాని వాక్యనిర్మాణమును విప్పి చూచునప్పుడు తెలిసిన దానినుండి తెలియనిదానికి పోవుట సర్వశాస్త్రములయందును అంగీకృతమైన మార్గము. తరగతిలో తమిళ కుటుంబముల బాలురును ఉందురు గదా, వారి గతి యేమని మరికొందరందురు. వారికి లేశమును నష్టము లేదు. వచ్చిన, వచ్చి, వచ్చాను అను మూటికి వంద, వందు, వందేన్ అనునవి సరిగ సరిపోవును. పెయరెచ్చము, వినైయెచ్చము, వినైముట్రు అను పేర్లతో వారి తమిళ గురువు వానిని బోధించియే యుండును. ఒక పలకపై మూడు వరుసలు గీచి, తమిళము, తెలుగు, ఆంగ్లము ప్రక్కప్రక్కన వ్రాసినచో ఇరుగుపొరుగు బెంచీల బాలురు ఒకరి భాషను మరియొకరు గౌరవముతో చూడ నేర్చుకొందురు. తెలుగు లిపి రాని బాలుడు ఆ వరుసను తమిళలిపిలో వ్రాసికొన్నను నాకు అభ్యంతరము లేదు. ముందు ఆ వరుస పలకపై ఉండవలెను.

రాజపాళయమున దీనికి ప్రత్యేకమైన అగత్యమున్నది. తమిళనాడు 1968లో ద్విభాషా విధానమును స్వీకరించినది. 2006 నాటి తమిళ బోధనా చట్టము ఒకటవ తరగతినుండి క్రమక్రమముగ పైకి సాగి 2015–16 నాటికి పదవ తరగతిని చేరి, తమిళమును అందరికి విధిగ చేసినది. తాము నివసించు రాష్ట్రపు భాషను బాలురు చక్కగ నేర్చుట వారి క్షేమమునకే, దానిపై నాకు వివాదము లేదు. కాని ఆ యేర్పాటులో ఇంటి తెలుగునకు పీరియడు దొరకుట దుర్లభమైనది. దొరకనిచోట అది వంటింటిలోను పెండ్లిపందిటిలోను మాత్రమే మిగిలి, ఆలోచనకు పనికిరాని మాటగ బాలుని మనస్సున ముద్రపడును. 1949నుండి 1952వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వమును నడపిన పి.ఎస్. కుమారస్వామిరాజాగారు ఈ యూరివారే. తమిళులు, ఆంధ్రులు, కన్నడిగులు, మలయాళులు కలసియున్న ఆ రాష్ట్రమున పాలనాభాష ఆంగ్లము. పలుభాషల నడుమ మెలగుట ఈ యూరికి క్రొత్త కాదు. ఆ మెలకువకు బడిలో చోటీయుటయే క్రొత్త. వ్యాకరణపు తరగతిలో పది నిమిషములు తెలుగును పలుకనిచ్చుటకు క్రొత్త పీరియడు అక్కరలేదు, చట్టమును సవరించుట అక్కరలేదు, క్రొత్త ఉద్యోగముతోను పనిలేదు.

ఫ్రేజు క్లాజుల భేదము కేవలము మార్కుల విషయమని తలచువారు రాజ్యాంగములోని 350ఎ అధికరణమును ఒకమారు ఆంగ్లమున చదువవలెను. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన ఆ యధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములను గూర్చినది. రాజపాళయపు తెలుగు బాలుడు సాక్షాత్తు అట్టి భాషాల్పసంఖ్యాకులలోనివాడు. ఆ యధికరణము ఒక దీర్ఘవాక్యము, అందు రెండు ప్రధానోపవాక్యములు. మొదటిదాని సమాపకక్రియ షల్ బి. దేనిని షల్ బి అని శాసించినదో చూచిన, ప్రయత్నమును. సౌకర్యములు కల్పించుట అను పని టు ప్రొవైడ్ అను తుమున్నర్థకమున, పదబంధములో నున్నది. ఆ పిల్లలెవరో తెలుపు భాగమును బిలాంగింగ్ అను అసమాపకముతో కట్టిన పదబంధమే. రెండవ ప్రధానోపవాక్యమున రాష్ట్రపతి ఆదేశములీయవచ్చునని చెప్పి, ఆ ఆదేశములెట్టివో నిర్ణయించుటకు మాత్రము కర్తయు సమాపకక్రియయు గల నిండు ఉపవాక్యమును వాడినది. కాలమును మార్చి చూచు బాలునికి, ఈ వాక్యమున రాజ్యముపై నేరుగ మోపబడిన విధి ప్రయత్నించుట యనియు, సౌకర్యము కల్పించుట ఆ ప్రయత్నమునకు గమ్యముగ మాత్రమే నిలిచినదనియు, ఎవరును చెప్పకయే తెలియును. తనకు శాసనము ఏమి యిచ్చినది, ఎంతవరకు ఇచ్చినది అను ప్రశ్నకు ఆధారము ఆ వాక్యమున ఒక క్రియకు కాలముండుట, మరియొక క్రియకు లేకుండుట. మిల్లు ఉద్యోగపు నిబంధనలు, బ్యాంకు ఋణపత్రము, బీమా ఒప్పందము, న్యాయస్థానపు తీర్పు, రేపు వాని యెదుటికి రాబోవు కాగితములన్నియు ఇట్టి వాక్యములతోనే నిండియుండును.

కావున రాజపాళయపు బడులలోని ఆంగ్లోపాధ్యాయులకు నా విన్నపమిది. ఈ విద్యాసంవత్సరమున ఫ్రేజు క్లాజుల పాఠమునకు వచ్చినప్పుడు, గైడులోని అభ్యాసములకు ముందుగ ఈ యధికరణమును నల్లబల్లపై వ్రాయుడు. దాని క్రింద బాలురచేతనే తెలుగున ఒక వరుస, తమిళమున ఒక వరుస చెప్పించి, మూటియందును కాలమునకు కదలు క్రియ క్రింద గీత గీయించుడు.